రక్తపు చుక్కలోని విజ్ఞానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచి రజతోత్సవము జరుపుకొనుట చిన్న సంగతి కాదు. ధనము చేతనే గ్రంథాలయములు నిలువవు. తలుపు తీయువాడు ఒకడు, పుస్తకము అడుగువాడు ఒకడు, చదివినది పదుగురికి చెప్పువాడు ఒకడు ఉన్ననాడే అవి నిలుచును. ఈ మువ్వురును ఇచట ఉన్నారనుటకు నేటి సభయే సాక్ష్యము.

జీవశాస్త్రములలోను, వైద్యశాస్త్రములోను ఇటీవల జరిగిన పరిశోధనలను గూర్చి చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఇది సముద్రమువంటి విషయము. అంతయు చెప్పబూనినచో ఎవరికిని ఏమియు మిగులదు. కావున నేనొక్క రక్తపు చుక్కను మాత్రము ఎన్నుకొనుచున్నాను. ఈ ప్రాంతమున వేలు గ్రుచ్చి రక్తము తీయించుకొనని ఇల్లు అరుదు. జ్వరము వచ్చినపుడు ఆశా కార్యకర్త తీయును. బడిలో పిల్లలకు కొడవలి కణ పరీక్షకై తీయుదురు. ఆ చుక్కలో శాస్త్రజ్ఞులు ఏమి చూచిరి, ఏమి నేర్చిరి, దానివలన మనకేమి లభించినది, మనమేమి అడుగవలసియున్నది అనునవే నా ప్రసంగమునకు అంశములు.

1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి వెలసినపుడు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మొదలగు పెద్దలు చరిత్రతో పాటు శాస్త్రవిషయములను గూడ తెలుగులోనికి తేవలెనని పూనుకొనిరి. శాస్త్రము ఇంగ్లీషు తెలిసిన కొలదిమంది సొత్తుగా ఉండరాదని వారి సంకల్పము. నేను చేయబోవు ప్రయత్నమును ఆ బాటలోనిదే.

మన్యపు జ్వరము

మన పెద్దలు చలిజ్వరమును మన్యపు జ్వరమనిరి. కొందరు వాగు నీటిని, కొందరు అడవిగాలిని, కొందరు గాలిదయ్యమును కారణముగా చెప్పిరి. మనవారే అట్లనుకొనిరని చిన్నబుచ్చుకొన నక్కరలేదు. మలేరియా యను పేరునకే ఇటలీ భాషలో ‘చెడుగాలి’ యని అర్థము. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు జీవిని చూచెను. వ్యాధికి కారణము గాలి కాదని, రక్తములో నివసించు ఒక పరాన్నజీవియని తెలిసినది. కాని అది ఒకరి రక్తము నుండి మఱొకరి రక్తములోనికి ఎట్లు పోవుచున్నది?

ఆ ప్రశ్నకు దారి చూపిన సమాధానము మన తెలుగునేలపై లభించినదని మీలో ఎందరికి తెలియును? సికింద్రాబాదు సైనిక వైద్యశాలలో పనిచేయుచుండిన రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమలను కోసి చూచి, 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపు గోడలో మలేరియా జీవి పెరుగుచుండుట కనుగొనెను. మరుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మఱొక ప్రాణికి పోవునని నిరూపించెను. అదే యేట ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల మలేరియాను వ్యాపింపజేయునది అనాఫిలిస్ జాతి దోమయని స్థిరపరచిరి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. ఆతడు పనిచేసిన భవనము నేటికిని బేగంపేటలో నున్నది. హుసేన్ ఖాన్ పేరు చెప్పువారు మాత్రము కొలదిమందియే. రోగి తన రక్తము నీయనిదే వైద్యశాస్త్రము ఒక్క అడుగైనను ముందుకు సాగదు. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

మన ప్రాంతమున ముఖ్యముగా రెండు విధముల మలేరియా కలదు. ఫాల్సిపారము అనునది ప్రాణాంతకము. మెదడునకు సోకిన యెడల స్మృతి తప్పించి, కొలది దినములలోనే ప్రాణము తీయవచ్చును. వైవాక్స్ అంత ఘోరము కాకపోయినను మొండిది. దోమ కుట్టిన పిమ్మట ఈ జీవులు మొదట కాలేయమున చేరి పెరిగి, తరువాత ఎఱ్ఱ రక్తకణములలో జొరబడి, వానిని పగులగొట్టి బయటకు వచ్చును. అపుడే చలి, వణకు, జ్వరము కలుగును. వైవాక్స్ జీవులలో కొన్ని కాలేయమునందే నిద్రించి, వారములకో నెలలకో మేల్కొని, క్రొత్త దోమకాటు లేకయే జ్వరమును మరల తెచ్చును. ఈ నిద్రాణ రూపమును శాస్త్రజ్ఞులు 1980 ప్రాంతమున గాని కంటితో చూడలేకపోయిరి.

సేద్యము చేయువారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. చేనిలో తుంగను పైపైన కోసినచో చేను శుభ్రమైనట్లే కన్పించును. కాని గడ్డ భూమిలో నుండును. ఒక వాన పడినంతనే మరల మొలచును. జ్వరము తగ్గించు మాత్రలు తుంగను పైన కోసినట్టివి. గడ్డను త్రవ్వునది ప్రైమాక్విన్ అను మాత్ర. వైవాక్స్ రోగికి దానిని 14 దినములు ఇత్తురు. మూడవనాటికి జ్వరము తగ్గినదని మిగిలిన మాత్రలను చూరులో దోపినవాడు తన కాలేయమున గడ్డను దాచుకొన్నట్లే. అయితే గర్భిణులకును, పసిబిడ్డలకును ఈ మాత్ర ఈయరాదు. రక్తకణములలో జి-6-పి-డి అను ఒక పదార్థము పుట్టుకతోనే కొఱతగా నుండువారికి ఇది రక్తకణములను పగులగొట్టును. ఈ సంగతి 1956లో తెలిసినది. కావున మాత్ర మ్రింగిన పిమ్మట మూత్రము నల్లబారినను, కండ్లు పచ్చబడినను మాత్రలు ఆపి వెంటనే వైద్యుని కడకు పోవలెను.

స్వాతంత్ర్యము వచ్చిననాటికి మన దేశమున ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. 1958లో అది నిర్మూలన కార్యక్రమముగా మారినది. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి, మాత్రలు పంచిరి. 1960 దశాబ్ది మధ్యమునకు రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. ఇక శత్రువు చచ్చెనని ఎల్లరు నిశ్చింతగా నుండగా, 1976 నాటికి ఆ సంఖ్య మరల 64 లక్షలకు పెరిగినది. దోమలు డి.డి.టి.కి అలవాటుపడెను, పరాన్నజీవి క్లోరోక్విన్ మాత్రకు లొంగక ఎదురు తిరిగెను, మనుష్యులు శ్రద్ధ తగ్గించిరి. సగము గెలిచి చేయి విడిచిన పోరాటము మొదటికి వచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి లేదు.

అపుడు క్రొత్త మందు ఎక్కడినుండి వచ్చినది? ఒక మొక్కనుండి. చైనాలో 1967లో మలేరియా మందు కొఱకు ఒక పెద్ద ప్రయత్నము ఆరంభమైనది. అందు తూ యూయూ అను పరిశోధకురాలు ప్రాచీన వైద్యగ్రంథములను వెదకి, నాల్గవ శతాబ్దపు గ్రంథమొకటిలో ఒక మొక్కను చల్లని నీట నానబెట్టి పిండి త్రాగవలెనని యుండుట గమనించెను. కాచినచో గుణము పోవుచున్నదని ఆమెకు స్ఫురించినది. తక్కువ వేడిమిలో ఈథర్‌తో సారము తీయగా అది ఎలుకల మలేరియాను, తరువాత మనుష్యుల మలేరియాను కుదిర్చినది. అదియే ఆర్టిమిసినిన్. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ మొక్క మనము వినాయకచవితి పూజలో వాడు మాచిపత్రికి దగ్గరి చుట్టము. అంతమాత్రమున మాచిపత్రి రసము త్రాగి మలేరియా తగ్గించుకొందమనుకొనరాదు. రెండును ఒకటి కావు. నేడు ఫాల్సిపారము రోగికిచ్చు మాత్రలలో ఆర్టిమిసినిన్ జాతి మందుతో పాటు వేరొక మందు కలిసియుండును. ఒక మందునకు తప్పించుకొన్న జీవి రెండవదానికి చిక్కవలెనని ఈ ఏర్పాటు.

ఇక టీకా సంగతి. మలేరియా జీవి పలు రూపములు దాల్చును గాన దానికి టీకా చేయుట మిక్కిలి కష్టమైనది. దశాబ్దముల కృషి పిమ్మట 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి మలేరియా టీకాను పసిపిల్లల కొఱకు సిఫారసు చేసినది. దాని తయారీ విధానమును అందుకొనుటకు ఒప్పందము చేసికొన్నది హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమును, పూనాలోని సీరం సంస్థయు కలిసి రూపొందించిన రెండవ టీకా 2023 అక్టోబరులో సిఫారసు పొందినది. ఇవి ముఖ్యముగా ఆఫ్రికా ఖండపు పసివారి కొఱకు ఉద్దేశింపబడినవి. ఫాల్సిపారమును మాత్రమే ఎదుర్కొనును. పూర్తి రక్షణ నీయవు. కావున టీకా వచ్చినదని దోమతెరను అటకపై పెట్టరాదు. మనకు నేటికిని తెర, వెంటనే పరీక్ష, పూర్తి మాత్రలు అను మూడే ఆయుధములు.

కొడవలి కణము

ఇపుడు అదే రక్తపు చుక్కను మఱొక కంటితో చూతము. ఆరోగ్యవంతుని ఎఱ్ఱకణము గుండ్రని బిళ్ళవలె మెత్తగా నుండి, వెండ్రుకకంటె సన్నని నాళములలో గూడ వంగి దూరిపోవును. 1910లో చికాగో నగర వైద్యుడు హెరిక్ ఒక విద్యార్థి రక్తములో కొడవలివలె వంగిన కణములుండుట గూర్చి ప్రకటించెను. 1949లో పౌలింగ్ అను శాస్త్రజ్ఞుడును, ఆతని సహచరులును దోషము కణములోని హిమోగ్లోబినులోనే కలదని చూపిరి. 1956లో ఇంగ్రాము అను శాస్త్రజ్ఞుడు ఆ దోషము ఎంత చిన్నదో కనుగొనెను. హిమోగ్లోబినులోని ఒక గొలుసులో 146 పూసలున్నవి. అందు ఆరవ పూస మాత్రము మారినది. తక్కినవన్నియు సరిగనే యున్నవి.

గ్రంథాలయమునకు వచ్చువారికి దీనిని అచ్చుతప్పుతో పోల్చి చెప్పుదును. ‘బిడ్డకు పాలు ఇమ్ము’ అని అచ్చువేయవలసిన చోట ‘బిడ్డకు పాము ఇమ్ము’ అని పడినదనుకొనుడు. మారినది ఒక్క అక్షరమే. అర్థము మాత్రము ప్రాణాంతకము. తల్లిదండ్రుల నుండి బిడ్డకు వచ్చు జన్యువు అను గ్రంథములో ఒక్క అక్షరము మారుటచే, ప్రాణవాయువు తగ్గినపుడు కణము బిరుసెక్కి కొడవలివలె వంగును. అట్టి కణములు సన్నని నాళములలో చిక్కుకొని దారి మూయును. ఎముకలలో, కీళ్ళలో భరింపరాని నొప్పి కలుగును, పసివారికి చేతులు, పాదములు వాచును, కండ్లు పచ్చబడును. మామూలు కణము సుమారు 120 దినములు జీవింపగా, కొడవలి కణము పది, ఇరువది దినములలోనే నశించును. అందువలన రక్తహీనత విడువదు.

మన దేశమున ఈ వ్యాధిని 1952లో నీలగిరి కొండజాతులలోను, అస్సాము తేయాకు తోటల కూలీలలోను గుర్తించిరి. తరువాత మధ్య భారతపు అడవులలోను, గోదావరి లోయలోను కోయ మొదలగు పలు జాతులలో కనుగొనిరి. ఇట్లు అడవి ప్రాంతములందే ఇది హెచ్చుగా నుండుటకు కారణమేమి? దీనికి సమాధానము 1954లో ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశోధనలో దొరికినది. తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్క కొడవలి జన్యువు మాత్రమే పొందినవానిని వాహకుడందురు. అట్టివానికి సాధారణముగా వ్యాధి యుండదు. పైగా ఫాల్సిపారము మలేరియా తీవ్రరూపము నుండి చాలవరకు రక్షణ కలుగును. మలేరియా పిల్లలను పొట్టనబెట్టుకొనుచుండిన కాలములో వాహకులైన పిల్లలు ఎక్కువగా బ్రదికి, పెద్దవారై, తమ బిడ్డలకు ఆ జన్యువు నిచ్చిరి. ఇట్లు వందల తరములు గడచినవి.

అనగా మన్యపు జ్వరమును, కొడవలి కణమును రెండు వేర్వేరు కథలు కావు. ఒకే కథకు రెండు ముఖములు. ఇది పూర్వజన్మ పాపము కాదు, వంశమునకు తగిలిన శాపము కాదు, చేతబడి అసలే కాదు. దోమలతో నిండిన అడవిలో మన పూర్వులు బ్రదికి బట్టకట్టుటకు చెల్లించిన మూల్యము. భారతదేశపు కొడవలి జన్యువు ఆఫ్రికాలోని వానినుండి వేరుగా పుట్టినదని 1980 దశాబ్దమున జన్యుపరిశోధకులు తెల్పిరి. మనవారిలో పలువురికి శిశుదశలోని హిమోగ్లోబిను పెద్దయైన తరువాతను కొంత మిగులుటచే వ్యాధి కొంత మెత్తగా నుండును. కాని అందరికి నట్లుండదు. గర్భిణులకును, పసివారికిని ప్రమాదము కలదు.

పెండ్లి మాట

ఇచట మన ఇండ్లలోని ఒక సున్నితమైన సంగతి చెప్పవలసియున్నది. తల్లియు తండ్రియు ఇరువురును వాహకులైన యెడల, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు, వాహకమగుటకు నాలుగింట రెండు పాళ్ళు, ఏమియు లేకుండుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. మొదటి బిడ్డకు వచ్చినది గాన రెండవ బిడ్డకు రాదనుకొనుట సరికాదు. ప్రతి కాన్పునకు పాచికలు క్రొత్తగా పడును. ఒకరు మాత్రమే వాహకులైనచో బిడ్డకు వ్యాధి రాదు. వాహకము మాత్రము రావచ్చును.

మనలో మేనరికములు వాడుక. మేనమామ బిడ్డయు, మేనత్త కొడుకును ఒకే తాత జన్యువులను పంచుకొనియుందురు. కావున ఒకరు వాహకులైనచో రెండవవారును వాహకులగుటకు అవకాశము హెచ్చు. మేనరికము మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పుటకు నేను రాలేదు. ఇరువురి రక్తమును ముందుగా పరీక్ష చేయించుడని మాత్రము వేడుకొనుచున్నాను. ముహూర్తము పెట్టించుటకు ముందు జాతకములు చూపించువారు, ఈ జాతకము గూడ చూపించినచో నష్టమేమి?

అయితే దీనివలన వేఱొక అన్యాయము జరుగరాదు. ‘వాహకురాలు’ అని కార్డుపై వ్రాసినంతమాత్రమున ఆడపిల్లను కాదనువారు ఉండవచ్చును. వాహకుడైన మగవానికి అట్టి ముద్ర వేయుట మాత్రము మనకు తోచదు. జన్యువునకు ఆడ మగ భేదము లేదు. వాహకురాలు రోగిష్ఠి కాదు. పొలము పని, చదువు, సంసారము అన్నియు చేయగలదు. ఇరువురు వాహకులు కలియకుండుటయే ముఖ్యము. వాహకురాలు వాహకుడు కానివానిని పెండ్లాడినచో వారి బిడ్డలకు ఈ వ్యాధి భయము లేదు. పరీక్ష జోడి కుదుర్చుటకు, దారి చూపుటకు గాని, పిల్లను వెలివేయుటకు గాదు.

2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని శహడోలులో జాతీయ కొడవలి కణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. 40 ఏండ్లలోపు వయసుగల 7 కోట్ల మందిని పరీక్షింపవలెననియు, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయవలెననియు దాని లక్ష్యము. మన బడులలో జరుగు పరీక్షలు ఈ ప్రయత్నములోనివే.

మందులు, మహా ఔషధములు

వ్యాధి యున్న బిడ్డకు నేడు చేయగలిగినది చాల కలదు. పసితనమున పెన్సిలిను క్రమముగా ఇచ్చినచో ప్రాణాంతకమైన అంటువ్యాధులు ఎంతో తగ్గునని 1986లో రుజువైనది. నీరు విరివిగా త్రాగుట, చలికి ఒళ్ళు దాచుకొనుట, టీకాలు వేయించుట, దినమున కొక ఫోలిక్ ఆమ్లపు మాత్ర – ఇవి ఖర్చులేని రక్షణలు. ఈ ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడు, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో జీవితమంతయు ప్రయోగశాలలో గడపి 1948లో గతించిన ఆ మహానుభావుని శ్రమ, నేడు మన గూడెములోని బిడ్డ నాలుకపై పసుపుపచ్చని చిన్న మాత్రగా కరగుచున్నది.

1995లో హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పుల దాడిని సగమునకు తగ్గించునని తేలినది. ఇది శిశుదశలోని హిమోగ్లోబినును మరల పెంచును. దీనిని వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకొనుచు మాత్రమే వాడవలెను.

ఇక ఇటీవలి గొప్ప విశేషము. అచ్చుతప్పును దిద్దగల కత్తెర యొకటి 2012లో శాస్త్రజ్ఞుల చేతికి వచ్చినది. దానిని క్రిస్పర్ అందురు. సూక్ష్మక్రిములు తమపై దాడిచేయు వైరసులను ముక్కలు చేయుటకు వాడుకొను సాధనమునే షార్‌పాంటియే, డౌడ్నా అను ఇరువురు స్త్రీలు జన్యువును కోరినచోట కోయు కత్తెరగా మలచిరి. 2020లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. 2023 నవంబరులో ఇంగ్లండునందును, డిసెంబరులో అమెరికానందును ఈ కత్తెరతో చేయు కొడవలి కణ చికిత్సకు అనుమతి లభించినది. రోగి ఎముక మూలుగలోని కణములను బయటకు తీసి, శిశు హిమోగ్లోబినును మూసియుంచు మూతను కోసి, మరల ఒంటిలో ప్రవేశపెట్టుదురు. పలువురు రోగులు నొప్పులనుండి విముక్తులైరి. కాని అమెరికాలో దీని వెల 22 లక్షల డాలర్లు. అనగా 18 కోట్ల రూపాయలకు పైమాట. చికిత్సకు ముందు తీవ్రమైన మందులతో మూలుగను ఖాళీచేయవలసియుండును. ఢిల్లీలోని జన్యుపరిశోధన సంస్థలో మన శాస్త్రజ్ఞులు తక్కువ ఖర్చుతో ఇట్టి చికిత్సను సాధింపవలెనని కృషి చేయుచున్నారు. అది మన వైద్యశాలలకు వచ్చువరకు, పైన చెప్పిన చిన్న మాత్రలే మన పెద్ద మందులు.

అడుగవలసిన ప్రశ్నలు

పరిశోధన గొప్పతనమును ఇంతవరకు చెప్పితిని. పరిశోధన మన ముంగిటికి వచ్చినపుడు ఏమి జరిగినదో చెప్పక ముగించినచో నా ప్రసంగము సగమే యగును.

స్త్రీల గర్భాశయ ముఖమునకు వచ్చు క్యాన్సరునకు హెచ్.పి.వి. అను వైరసు కారణమని జర్మనీ శాస్త్రజ్ఞుడు జుర్ హౌసెన్ 1980 దశాబ్దమున చూపెను. 2008లో ఆతనికి నోబెల్ బహుమానము వచ్చినది. ఆ వైరసునకు టీకా వచ్చినది. 2009 జూలైలో పాత్ అను విదేశ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి ఈ టీకాను ఒక పరిశోధనాత్మక పథకముగా ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల వయసుగల సుమారు 14,000 మంది బాలికలకు వేయించిరి. వారిలో పలువురు హాస్టళ్ళలో చదువుకొను గిరిజన బాలికలు. కొందరు బాలికలు మరణించుటతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిలులో పథకము ఆగినది. మరణములకు టీకా కారణము కాదని ప్రభుత్వ విచారణ సంఘము చెప్పినది. కాని అనుమతి తీసికొన్న విధానమున లోపములు బయటపడినవి. 2013 నాటి పార్లమెంటు స్థాయీసంఘపు నివేదిక ప్రకారము, 9,543 అనుమతి పత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులు సంతకము చేసిరి. 1,948 పత్రములపై వేలిముద్రలున్నవి. గూడెములోని తల్లికి తన బిడ్డకు ఏ సూది వేసిరో తెలియదు.

ఇచట రెండు సత్యములను విడదీసి చూడవలెను. టీకా మంచిదే. ఒక్క మోతాదు గూడ మంచి రక్షణ నిచ్చునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెల్పినది. అదే యేట మన దేశములో తయారైన టీకాకు అనుమతి వచ్చినది. కాని మంచి వస్తువును గూడ చెప్పక, అడుగక ఇచ్చినచో అది అనుమానమునకు తావిచ్చును. ఆ అనుమానము ఇండ్లలో నాటుకొన్న పిమ్మట, తరువాత వచ్చు మంచి మందును గూడ తలుపు దగ్గరనే త్రిప్పి పంపుదుము. అడిగి చేసియున్నచో బిడ్డలకు రక్షణయు దక్కును, తల్లిదండ్రులకు గౌరవమును దక్కును. అడుగకుండుటవలన రెండును పోయెను.

2019లో వచ్చిన నూతన నిబంధనల ప్రకారము, పరిశోధనలో పాల్గొనువానికి అర్థమగు భాషలో సమస్తమును చెప్పి అనుమతి పొందవలెను. చదువురానివారైనచో నిష్పక్షపాతియైన సాక్షి ఉండవలెను. పరిశోధనవలన హాని జరిగినచో చికిత్సయు, పరిహారమును ఈయవలెను. ఎపుడైనను వద్దని వెడలిపోవు హక్కు కలదు. వెడలినందున మామూలు వైద్యము నిరాకరింపరాదు.

కావున జ్వరమునకు వేలు గ్రుచ్చించుకొనుటకు జంకవలదు. అది మీ చికిత్స కొఱకే. పరిశోధన కొఱకని ఎవరైనను వచ్చినపుడు మాత్రము ఈ ప్రశ్నలడుగుడు: ఈ రక్తము ఎందులకు తీయుచున్నారు? ఫలితము మాకు ఎపుడు, ఎవరు చెప్పుదురు? హాని జరిగినచో బాధ్యత ఎవరిది? ఇష్టము లేనిచో వద్దనవచ్చునా? ఈ మాటలన్నియు మా ఇంటి పెద్దలకు కోయభాషలో చెప్పగలరా? ఇవి అడుగుట శాస్త్రమునకు ఎదురు తిరుగుట కాదు. హుసేన్ ఖానువలె రక్తమిచ్చువాడును పరిశోధనలో భాగస్వామియే. భాగస్వామి ప్రశ్నించుట మర్యాదయే.

గ్రంథాలయము చేయదగిన పని

ఇట్టి ప్రశ్నలు అడుగుటకు కావలసిన ధైర్యము చదువునుండి వచ్చును. చదువురానివారికి వినికిడినుండి వచ్చును. కావున ఈ రజతోత్సవ సందర్భమున మూడు కోరికలు మీ ముందుంచుచున్నాను. మొదటిది: వారమున కొక సాయంకాలము ఆరోగ్య విషయములను బిగ్గరగా చదివి వినిపింపుడు, విన్నదానిని కోయభాషలో చెప్పుటకు గూడెపు యువకులను, యువతులను పిలువుడు. రెండవది: గ్రంథాలయ గోడపై నల్లబల్లయుంచి, వానకాలము పొడవునను మలేరియా మాత్రలు ఎన్ని దినములు, ఎవరు వాడరాదు అను సంగతులను పెద్ద అక్షరములతో వ్రాయుడు. మూడవది: ఏ పరిశోధనకైనను అనుమతి పత్రము వచ్చినచో, సంతకమునకు ముందు దానిని ఇచటికి తెచ్చి చదివించుకొనవచ్చునని ఊరూర తెలియజేయుడు. ఈ మూడవ పని ఒక్కటి చేసినను ఈ గ్రంథాలయము తన పేరును సార్థకము చేసికొనును.

పెద్ద పెద్ద ప్రయోగశాలలు మనకు దూరముగా నుండవచ్చును. వానిలో పుట్టిన జ్ఞానము మాత్రము మనకు దూరము కానవసరము లేదు. తాలిపేరు నీరు కాలువ త్రవ్వినచోటికే పోవును గాని తనంత తాను ప్రతి చేనికిని రాదు. జ్ఞానమునకు అట్టి కాలువ గ్రామ గ్రంథాలయము. ఆ కాలువను ఇరువదియైదేండ్లు పూడనీయక కాపాడిన మీకందరకును నా అభినందనములు. స్వర్ణోత్సవము నాటికి ఈ మండలములో చలిజ్వరముతో బిడ్డ పోయెనను మాట వినబడకుండుగాక. వాహకురాలను కారణముచే ఒక్క ఆడపిల్లయు కన్నీరు పెట్టకుండుగాక.